ఒక్క రైజర్, ఇద్దరం

ఆ ఏడాది నేను బెంచి మీద ఉన్నాను. అంటే కంపెనీ జీతం ఇస్తుంది, పని మాత్రం ఇవ్వదు. ప్రాజెక్టు వచ్చేదాకా రోజూ పంజాగుట్టలోని అద్దాల భవనానికి వెళ్ళి, కార్డు చూపించి, మూడో అంతస్తులో ఏసీ చలికి చున్నీ కప్పుకుని కూర్చోవాలి. ఎస్.ఆర్. నగర్‌లో మా లేడీస్ హాస్టల్ అమ్మాయిలకి నా బాధ బాధలా కనిపించేది కాదు. వాళ్ళు అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేస్తూ, జెరాక్స్ మెటీరియల్ మోసుకుంటూ, ఒక్క ఉద్యోగం కోసం ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరుగుతున్నారు. "హాయిగా కూర్చోబెట్టి జీతమిస్తుంటే ఏడుపెందుకే?" అనేవాళ్ళు. నాకేమో కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఆరు నెలల్లో గిటారు, స్పానిష్, ఈత మొదలుపెట్టాను. మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నప్పుడే బస్టాపు పక్కన కరెంటు స్తంభానికి ఓ కాగితం కనిపించింది. పైన జావా, కింద టెస్టింగ్ టూల్స్, రెండింటి మధ్యా ఇరుక్కుని చేతిరాతలో: "ఆడవాళ్ళకు విలువిద్య నేర్పబడును. ఉదయం ఆరు గంటలకు." చిరునామా పంజాగుట్టలో ఓ ప్రైవేటు స్కూలు గ్రౌండు. మర్నాడు ఆరు కాకముందే గేటు దగ్గరున్నాను.

ఆ కాగితం అంటించింది ఆ స్కూలు ఆటల టీచరు. నాకంటే పదేళ్ళు పెద్ద. మాసబ్ ట్యాంక్‌లో ఇల్లు. తెల్లారేసరికి బస్సు పట్టుకుని వచ్చేది. దుపట్టా తల చుట్టూ బిగించి, విల్లు లాగేటప్పుడు తాడుకి తగలకుండా కొసని మెడ దగ్గర లోపలికి దోపుకునేది. పిల్లలూ, ప్యూనూ, తోటి టీచర్లూ అందరూ ఆమెని ఆపా, అంటే ఉర్దూలో అక్క, అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను.

"ఏం పని చేస్తవ్ పిల్లా?" అని అడిగింది మొదటి రోజు.

"టెస్టింగ్ అండీ. వేరేవాళ్ళు చేసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం."

"మస్తుంది. గీడ మాత్రం నీ తప్పులు నేను పడత."

పట్టింది కూడా. నా మోచెయ్యి, భుజం, ఊపిరి, ఆఖరికి నా కాలి బొటనవేలు బూటులోపల కదులుతుంటే అదీ పట్టింది. నాలుగు నెలలు వెదురు విల్లుతో కొట్టించి, ఆ తరువాతే బీరువాలోంచి అసలు విల్లు తీసింది. రికర్వ్ అంటారు దాన్ని. విల్లంటే మొత్తం ఒకటే కర్ర అనుకునేదాన్ని. కాదు. నడుమ చేత్తో పట్టుకునే గట్టి భాగం రైజర్. దానికి పైనొకటి, కిందొకటి, వంగే పలకలు బిగిస్తారు, అవి లింబ్స్. ఆ విల్లుతో బాణం వదిలిన క్షణంలో నా కాళ్ళూ చేతులూ మనసూ ఒక్కచోట ఉండేవి. రోజు మొత్తంలో నాకు అంత నెమ్మది దొరికేది అక్కడే.

నాకది సరదా. ఆపాకి మాత్రం కాదు. తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ స్కూల్లో టెంపరరీ. ప్రభుత్వ స్కూళ్ళలో ఆటల టీచరు పోస్టులు పడబోతున్నాయి. రాష్ట్ర జట్టుకి ఎంపికైన సర్టిఫికెట్ ఉంటే ఆమెకి ఉద్యోగం దాదాపు ఖాయం, వయసు పరిమితి చూస్తే ఈ ఏడాదే ఆఖరు. సెలెక్షన్స్ ఐదు నెలల్లో ఉన్నాయి. ఆడవాళ్ళలో నలుగురిని తీసుకుంటారు. "నలుగుర్ల నేనుంట. ఫికర్ లేదు," అనేది. ఆమె కొట్టడం చూసినవాళ్ళెవరికీ అందులో అనుమానం ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున ఆపా లాగి వదలగానే టక్కుమని వేరే చప్పుడొచ్చింది. ఆమె వెంటనే విల్లు దించి, తాడు తీసి, రైజర్ కింది భాగాన్ని గోటితో తడిమింది. లింబ్ బిగించే చోట వెంట్రుక మందాన చీలిక. పాతకాలపు పోత రైజర్ అది, లోహం అలసిపోయింది.

"ఖతం," అంది.

బీరువాలో మంచి లింబ్స్ రెండు జతలున్నాయి. రైజర్ ఒక్కటే ఉండేది, అదీ పోయింది. స్కూలువాళ్ళని అడిగితే క్రికెట్ బ్యాట్లకే దిక్కులేదన్నారు. ఆపా జీతానికి అది అందే వస్తువు కాదు. ఆమె బెంచీ మీద కూర్చుని చీలిక మీద వేలు పెట్టి రుద్దుతూనే ఉంది. నా నోరు ఊరుకోలేదు. "నేను కొంటానాపా. నాక్కూడా కావాలి కదా. ఇద్దరం వాడుకుందాం."

"సోంచాయించి చెప్పు."

"ఆలోచించే చెబుతున్నాను."

అబద్ధం. ఆలోచన ఆ తరువాత మొదలైంది. మొదలైందంటే ఇక ఆగలేదు.

పనిలేని టెస్టరు చేతికి కొనాల్సిన వస్తువొకటి దొరికితే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోవాలి. ఆఫీసులో ఎక్సెల్ షీటు తెరిచాను. పొడవు, బరువు, పోత పోసిందా దిమ్మని కోసిందా, చెక్కా లోహమా, పిడి మారుతుందా, లింబ్స్ వంకరుంటే సరిచేసుకునే వీలుందా, అన్నిటికీ ఒక్కో కాలమ్. ఎక్కడో దేశాల్లో ఉన్న మగవాళ్ళు పిడి మందం గురించి జుట్లు పట్టుకునే నెట్ ఫోరంలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చదివాను. ఒకడు బాగుందన్నది ఇంకొకడు చెత్త అనేవాడు, నేను మార్కులు దిద్దేదాన్ని. సోమవారం మొదటి స్థానంలో ఉన్నది బుధవారానికి ఏడో స్థానంలో ఉండేది. "ఇంకా సంబంధం కుదరలేదా?" అని హాస్టల్ అమ్మాయిలు ఆటపట్టించేవాళ్ళు. "అబ్బాయి పొడవు సరిపోయిందా? బరువు ఎక్కువన్నావు, తగ్గాడా?"

అలా మీనమేషాలు లెక్కపెడుతూ రెండు నెలలు గడిపాను. ఈలోపు ఆపా వెదురు విల్లుతోనే సాధన చేసింది. రోజూ నేను గేటు దాటగానే "వచ్చిందా?" అనేది. "ఇంకొక్కటి చూడాలి ఆపా," అనేదాన్ని. వారం పోయాక అడగడం మానేసింది. అడగకపోవడం నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది, ఆ ఇబ్బందికి మళ్ళీ షీటు తెరిచేదాన్ని.

చివరికి ఒక శనివారం ఆమే నా చెయ్యి పట్టుకుని పంజాగుట్టలో ఓ స్పోర్ట్స్ షాపుకి లాక్కెళ్ళింది. షాపతను ఢిల్లీ నుంచి సరుకు తెప్పిస్తాడు. నా లెక్క ఎంతో విని, జెరాక్స్ కేటలాగు ముందుకి తోశాడు.

"చూడు మేడమ్, మీ బడ్జెట్‌ల గీ నీలంది ఒక్కటొస్తది. అల్యూమినియం దిమ్మను మెషిన్ మీద కోసి చేసింది, పక్కా టార్గెట్‌దే. లేదంటే గా చెక్కవి రెండొస్తయ్. టార్గెట్‌కు నడుస్తది, వేటకు సుత నడుస్తది అని రాసిండ్రు."

"వేట ఏడ చేస్తం భాయ్? పంజాగుట్ట చౌరస్తాల ఆటోల మీదనా?" అంది ఆపా. షాపతను నవ్వాడు. మన దేశంలో వేట నేరమని నేను చెప్పబోయాను, ఎవరూ వినలేదు.

ఆ చెక్కది నమూనాగా ఒకటి షాపులో ఉంది. పొట్టిగా, ఆకుపచ్చ గోధుమ మచ్చలతో ఉంది. పొదల్లో తిప్పుకోవడానికి వీలుగా అలా చేస్తారట. ఆపా దాన్ని ఎడంచేత్తో పట్టుకుని, చెయ్యి చాపి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది. జనం పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

"చేతుల కూసున్నది. మన లింబ్స్ దీనికి బిగుస్తయ్ గద భాయ్?"

"బరాబర్ బిగుస్తయ్."

"అయితే రెండు తీస్కో పిల్లా. నీది నీ చేతుల, నాది నా చేతుల."

నేను బ్యాగులోంచి షీటు ప్రింటు బయటికి తీశాను. పొట్టి విల్లైతే తాడు వేళ్ళని నొక్కుతుందని, చెక్కకి బరువు చాలక చెయ్యి అదురుతుందని, వేట రైజర్‌తో టార్గెట్ కొట్టినవాళ్ళంతా తరువాత మార్చుకున్నారని, ఫోరంలో ఎవరెవరు ఏమన్నారో చదివి వినిపించాను.

"గా ఫోరమోళ్ళు నా పక్కన నిలబడి కొడతరా?"

"అది కాదాపా. మంచిదొకటి ఉంటే ఇద్దరికీ స్కోరు పెరుగుతుంది. రోజూ పంచుకునేగా కొడుతున్నాం."

ఆపా చెక్క రైజర్‌ని చేతిలో ఓసారి తిప్పింది. "పోటీల రెండు బ్యాచ్‌లుంటయ్. ఒక బ్యాచ్ కొట్టి వచ్చినంక రెండోది పోతది. నువ్వొక దాంట్ల, నేనొక దాంట్ల ఉంటే నడుస్తది. లేకుంటే నడవది. యాదుంచుకో." చెక్క రైజర్‌ని కౌంటరు మీద పెట్టింది. "పైసలు నీవి. నీ ఇష్టం."

ఇప్పుడు దాచడమెందుకు? నాకు ఆ నీలం రంగు నచ్చింది. కేటలాగు నలుపు తెలుపుల జెరాక్సే అయినా నెట్‌లో ఆ రంగు చూసి ఉన్నాను. పద్దెనిమిది కాలమ్‌ల షీటు అంతా ఆ నీలం రంగుకి నేను తొడిగిన చొక్కా. నీలందే చెప్పాను.

మూడు వారాలకి వచ్చింది. మంచిదే, అందులో మాట లేదు. బాణం వదిలాక చేతిలో చిన్న వణుకు కూడా ఉండేది కాదు. గురిచూసే పిన్ను ఎక్కడ ఉండాలో ఆపాకి నల్ల గీత, నాకు ఎర్ర గీత పెట్టుకున్నాం. ఆమె ఆరు బాణాలు కొట్టి విల్లు నాకిచ్చేది, నేను పిన్ను జరుపుకుని నా ఆరు కొట్టేదాన్ని. ఈ మధ్యలో తొందరేమీ ఉండేది కాదు. ఆపా అయితే బాణానికీ బాణానికీ మధ్య విల్లు దించి, రెండుసార్లు ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తేది. నెల తిరిగేసరికి ఆమె స్కోరు చూసి నాకే గర్వంగా ఉండేది. కొన్నది నేను కదా!

సెలెక్షన్స్‌కి ఎంట్రీ ఫారాలు నింపే పని నాదే. కంప్యూటరు పిల్లవి నువ్వే పంపు అంది ఆపా. అమీర్‌పేటలో ఓ నెట్ సెంటర్లో కూర్చున్నాను. పక్క కంప్యూటర్ల దగ్గర మా హాస్టల్ అమ్మాయిలిద్దరు రెజ్యూమెలు పంపుతున్నారు. అమీర్‌పేట ఆడపిల్లలకి ఒక అలవాటుండేది: వాక్ ఇన్ ఇంటర్వ్యూకి ఎవరూ ఒంటరిగా పోరు. ఇద్దరూ కలిసే అప్లై చేసి, ఇద్దరికీ ఒకే టైము, ఒకే ప్యానెల్ ఇవ్వమని కింద ఓ ముక్క రాస్తారు. ఆటో ఖర్చు సగమవుతుంది, తెలియని చోట తోడుంటుంది, ఒకరిని అడిగిన ప్రశ్న బయటికొచ్చి రెండోవాళ్ళకి చెప్పొచ్చు. నేనూ అలా జంటగా పోయే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఫారం ఆఖర్న "ఏమైనా మనవి ఉంటే" అని ఒక గడి. నా వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి: "మా ఇద్దరికీ ఒకే టార్గెట్, ఒకే బ్యాచ్ ఇవ్వగలరు." పంపేసి, అమ్మాయిలతో కలిసి మిరపకాయ బజ్జీలు తినడానికి పోయాను. తప్పులు పట్టే ఉద్యోగం నాది. పంపేముందు ఒక్కసారి కూడా తిరిగి చదవలేదు.

పోటీ రోజు పొద్దున గ్రౌండులో బోర్డు మీద లిస్టు అంటించారు. మూడో టార్గెట్: మొదటి బ్యాచ్, నేను. మొదటి బ్యాచ్, ఆపా. రెండుసార్లు చదివాను. జడ్జి దగ్గరికి పరిగెత్తాం. నడివయసు మనిషి, ముఖంలో విసుగు లేదు, జాలీ లేదు. ఫైలు తీసి మా ఫారం ప్రింటు చూపించాడు.

"మీరే రాశారు కదమ్మా, కలిపి ఇమ్మని. మీరడిగారనే ఇచ్చాం. రెండో బ్యాచ్ నిండిపోయింది, ఇప్పుడు మార్చడం కుదరదు."

"మాకు విల్లు ఒక్కటే ఉందండీ," అన్నాను.

"పంచుకోండి, అభ్యంతరం లేదు. టైము మాత్రం దఫాకి అందరికీ నాలుగు నిమిషాలే. ఆ నాలుగులోనే ఇద్దరూ కొట్టుకోవాలి."

ఒక్కొక్కరికి ఆరు బాణాలు. ఇలా పన్నెండు దఫాలు. ఆపా ఆ కాగితం మీద నేను రాసిన వాక్యాన్ని చూసింది, తరువాత నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "పద," అంది. "ముందు నువ్వా, నేనా?"

అప్పుడు చెప్పాల్సిన మాట నాకు తెలుసు. మీరు కొట్టండి ఆపా, నేను తప్పుకుంటాను. నాలుగు ముక్కలు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఏడాదికి పైగా నేను ఎందులోనూ లేను. కంపెనీలో పేరుంది, పని లేదు. హాస్టల్లో మంచముంది, నాదంటూ ఏమీ లేదు. ఆ బోర్డు మీద నా పేరు అచ్చులో ఉంది, ఛాతీ మీద నంబరు గుచ్చుకుని ఉంది, దాన్ని విప్పడానికి చెయ్యి రాలేదు. "మీరే ముందు కొట్టండి," అన్నాను. అది నా మంచితనం అనుకున్నాను.

ఈల మోగింది. ఆపా ఆరు బాణాలూ రెండు నిమిషాల్లోపే కొట్టేసింది. మధ్యలో విల్లు దించలేదు, రెండు ఊపిర్లు తీసుకోలేదు. ఆమె అలా కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. విల్లు నా చేతిలో పడేసింది. నల్ల గీత నుంచి ఎర్ర గీతకి పిన్ను జరుపుతుంటే నా వేళ్ళు చెమటకి జారాయి. రెండో దఫా అంతే. ఆమె బాణాలు టార్గెట్ నడిమి పసుపులోంచి దాని చుట్టూ ఉన్న ఎరుపులోకి జరగడం మొదలైంది.

మూడో దఫాకి, "ఈసారి నువ్వు ముందు కొట్టు, నేను జర ఊపిరి తీసుకుంట," అంది. కొట్టాను. మొదటి బాణం బాగా పడింది. పడేసరికి ఆశ పుట్టింది. రెండోది ఇంకా బాగా కొట్టాలని ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాను. గాలి తగ్గేదాకా ఆగాను. పిడి మీద చెయ్యి సర్దుకున్నాను. రైజర్ కొనేటప్పుడు ఏం చేశానో, అదే చేస్తున్నాను. నా ఆరో బాణం పోయేసరికి గడియారంలో నిమిషం కూడా లేదు. ఆమె పిన్ను జరపకుండానే, కంటి అంచనాతో కొట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరో బాణం తాడుకి తగిలించి లాగుతుండగా ఈల పడింది.

ఆపా విల్లు మెల్లగా దించి, ఆ బాణాన్ని వెనక్కి తీసి అమ్ములపొదిలో పెట్టుకుంది. స్కోరు కాగితంలో ఆ గడిలో సున్నా పడింది.

అప్పుడైనా తప్పుకోవాలి కదా? నాలుగో దఫా కూడా కొట్టాను. రెండు బాణాలు టార్గెట్ దాటి గడ్డిలోకి పోయాయి. ఇక నాకు ఆశ లేదని తేలాక, అప్పుడు వెళ్ళి జడ్జితో నేను తప్పుకుంటున్నానని చెప్పాను. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ఆ ఆలస్యానికి నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది. త్యాగం చేసినట్టు కనిపించింది చుట్టూ ఉన్నవాళ్ళకి. ఒకావిడ నా భుజం తట్టింది కూడా.

మిగిలిన ఎనిమిది దఫాలు ఆపా ఒక్కతే ఆ విల్లుతో కొట్టింది. మళ్ళీ దించడం, మళ్ళీ రెండు ఊపిర్లు, మళ్ళీ ఎత్తడం. నేను దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూసి "తొమ్మిది", "పది", "పది" అని చెబుతూ ఉన్నాను. ఆ ఎనిమిది దఫాల్లో ఆ గ్రౌండులో ఆమెని మించి కొట్టినవాళ్ళు లేరు. అయినా ఐదో స్థానం వచ్చింది. నాలుగో అమ్మాయికీ ఆమెకీ తేడా ఆరు పాయింట్లు. సున్నా పడింది ఒక్క బాణానికి; ఆపా బాణం ఎనిమిదికి తక్కువ పడటం ఎప్పుడోగానీ జరగదు.

ఆమె ఏడవలేదు. లింబ్స్ విప్పి తన సంచిలో పెట్టుకుంది, అవి స్కూలువి. రైజర్‌ని దుపట్టా కొసతో తుడిచి నా బ్యాగులో పెట్టింది.

"మీ దగ్గరే ఉంచండి ఆపా," అన్నాను.

"నాకెందుకు పిల్లా? నాకిగ వయసు అయిపాయె. వచ్చే ఏడు నువ్వు కొట్టు. చెయ్యి మంచిగుంది నీది, జర నిలకడ రావాలె. నేను నేర్పిస్త. రేపు ఆరింటికి రా."

వస్తానన్నాను. నిజంగానే వస్తాననుకున్నాను.

మర్నాడు ఒళ్ళు నొప్పులని పోలేదు. ఆ మర్నాడు వాన. ఆ వారంలోనే నాకు ప్రాజెక్టు వచ్చింది, పొద్దున తొమ్మిదింటికి మొదలయ్యే పని. ఆరింటికి గ్రౌండుకి పోయి వచ్చినా బోలెడు టైముండేది. హాస్టల్ అమ్మాయిలు అడిగితే తీరిక లేదని చెప్పాను. తీరిక లేకపోవడం కాదు, మోజు తీరిపోయింది. ఎవరి ఉద్యోగం పోయినా సరే ఒక్క పొద్దుటిపూట వదులుకోలేకపోయిన ఆటని వారం తిరక్కుండా మానేశాను. ఆపా రెండుసార్లు ఫోన్ చేసింది. తెర మీద ఆమె పేరు చూస్తూ కూర్చున్నాను గానీ ఎత్తలేదు.